గిరిసోలా గేటుకి అటూ ఇటూ: క్లీన్ ఫ్యూయల్ కూటమి కట్టాలనుకునేవాళ్లకి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ... దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో మన తెలుగువాళ్లని ఎవరిని కదిపినా ఎలక్ట్రిక్ ఆటో మీద, సీఎన్‌జీ మీద ఏదో ఒక అభిప్రాయం చెప్తారు. కొనేవాళ్లు మాత్రం తక్కువ. ఎందుకంటే ఒక్కడే వెళ్తే బ్యాంకులో లోన్ అంటే తిప్పుతారు, కరెంటు ఆఫీసులో లోడ్ అంటే తిప్పుతారు, డీలరేమో స్పేర్ పార్టు విశాఖ నుంచి రావాలంటాడు. అదే నలభై యాభై బండ్లవాళ్లు కలిసి వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. కూటమి, అంటే పొగ తక్కువ వచ్చే ఇంధనాలకి మారడానికి బండ్లవాళ్లు కలిసి కట్టుకునే సంఘం, దాని అవసరం అక్కడే మొదలవుతుంది. ఇచ్ఛాపురం దగ్గర ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో ఉన్న గిరిసోలా గేటుకి రెండు వైపులవాళ్లూ అందులో ఉండాలి.

ఇది కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో 1993లో అక్కడి ఇంధన శాఖ క్లీన్ సిటీస్ అని మొదలుపెట్టింది, మొదటి కూటమి అట్లాంటాలో, ఇప్పుడవి దేశమంతా కలిపి 75 పైనే. వాళ్ల పద్ధతి చాలా సింపుల్: ప్రతి ప్రాంతానికి ఒక కోఆర్డినేటర్, బండ్లు నడిపేవాళ్లు, ఇంధనం అమ్మేవాళ్లు, మున్సిపాలిటీ ఒకే బల్ల దగ్గర, ఏడాది చివర ఎంత పెట్రోలు తగ్గించామో లెక్క. మనం తీసుకోవాల్సింది ఆ చివరి ముక్క. లెక్క లేకపోతే మిగిలేది ఫ్లెక్సీలు, శాలువాలే.

ముందు బండ్లు, తర్వాత బోర్డు

చాలామంది పేరుతో, లోగోతో, కలెక్టరు గారి ప్రారంభోత్సవంతో మొదలుపెడతారు. మీరు అలా చేయకండి. ముందు మీ ఊళ్లో రాత్రికి మళ్లీ అదే చోటికి వచ్చి ఆగే బండ్లు ఏవో చూడండి. స్టేషన్ స్టాండు ఆటోలు, స్కూలు వ్యాన్లు, కాలేజీ బస్సులు, గ్యాస్ సిలిండర్ల బండ్లు, మున్సిపాలిటీ చెత్త బండ్లు, పాల వ్యాన్లు. ఇంధనం మార్చడం వీటికి సులువు, ఎందుకంటే ఛార్జింగ్ అయినా గ్యాస్ అయినా ఒక్కచోట ఏర్పాటు చేస్తే సరిపోతుంది. 16వ నంబరు హైవే మీద విశాఖ నుంచి కలకత్తా వెళ్లే లారీల జోలికి ఇప్పుడే వెళ్లకండి, అవి మన చేతిలో లేవు.

తర్వాత పుస్తకం. నిజంగానే రెండు వందల పేజీల నోటు పుస్తకం, బండికొకటి. రోజూ బంకులో ఎంత కొట్టించారు, ఎంత తిరిగారు. వినడానికి తేలికే గానీ ఇక్కడే అసలు పని ఉంది. మైలేజీ ఎంత అని అడిగితే డ్రైవర్లు కంపెనీ చెప్పిన అంకె చెప్తారు. ట్యాంకు ఫుల్ ఎవరూ చేయించరు, రెండు వందలకి, మూడు వందలకి కొట్టిస్తారు, కాబట్టి ఆ రోజు లీటరు ధర కూడా పక్కన రాయించాలి. పాత ఆటోల్లో కిలోమీటర్ల మీటరు తిరగనే తిరగదు. అలాంటి బండికి ట్రిప్పులు రాయించండి: బరంపురం అయితే గేట్ బజార్ నుంచి మెడికల్ కాలేజీకి ఎన్నిసార్లు, అంబపువాకి ఎన్నిసార్లు. దూరం ఫోన్లో మ్యాప్ చూసి మీరే వేసుకోవచ్చు. రెండు వారాలు ఇలా రాస్తే చాలు, ఎవరి బండి మార్చాలి, ఎవరిది మార్చకూడదు అన్నది పుస్తకమే చెప్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. డీజిల్ ఆటో రోజుకి 90 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకి 30 ఇస్తుంది అనుకుందాం. 3 లీటర్లు, లీటరు 93 అనుకుంటే దాదాపు 280 రూపాయలు. అదే దూరం లిథియం బ్యాటరీ ఆటో తిరిగితే ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుని 10 యూనిట్లు, యూనిట్ 6 చొప్పున 60 రూపాయలు. రోజుకి 220 మిగులు, నెలకి 25 రోజులు నడిపితే 5,500. బాగుంది కదా? ఇప్పుడు కొత్త బండి కిస్తీ ఎంతో పక్కన రాయండి. పాత ఆటో అప్పు తీరిపోయి ఉంటే ఈ మిగులు కిస్తీకే సరిపోదు. ఎలాగూ కొత్త బండి కొనబోతున్నవాడికి మాత్రం లెక్క తిరగబడుతుంది. కాబట్టి మీ మొదటి సభ్యులు బండి మార్చే టైము వచ్చినవాళ్లే. మిగతావాళ్లని బలవంతపెడితే రేపు వాళ్లే స్టాండులో కూర్చుని మీ కూటమిని తిడతారు.

బండి మార్చలేనివాళ్లకి కూడా కూటమిలో పని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో వచ్చేది బీఎస్-6 డీజిల్, గంధకం పది లక్షల భాగాల్లో 10 భాగాలకి మించకూడదు, అంతకు ముందు 50 ఉండేది. డీజిల్ మారింది గానీ పాత ఇంజను మారలేదు కదా. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ నాజిల్ చూపిస్తేనే నల్లపొగ తగ్గుతుంది. మొదటి కార్యక్రమంగా మంచి మెకానిక్‌ని పెట్టి ఒక సర్వీసింగ్ క్యాంపు చేయండి. ఫ్రీ అని మాత్రం పెట్టకండి, యాభై రూపాయలైనా తీసుకుంటే బండి తీసుకొస్తారు.

ఎవరిని పిలవాలి

ఆటో యూనియన్లు, స్కూళ్లు, కాలేజీలు, మెకానిక్కులు, ఐటీఐ. కరెంటు వైపు నుంచి టీపీఎస్‌ఓడీఎల్, అంటే 2021 నుంచి దక్షిణ ఒడిశాలో కరెంటు చూస్తున్న టాటా పవర్ కంపెనీ. గంజాం, నయాగఢ్, పూరీ జిల్లాల్లో సీఎన్‌జీ ఇచ్చే హక్కు గెయిల్ గ్యాస్‌ది, వాళ్లనీ పిలవండి.

పెట్రోలు బంకువాళ్లని వదిలేయకండి, ఇది చాలామందికి తట్టదు. ఆంధ్రాలో వ్యాట్ ఎక్కువ, అందుకే ఏళ్లుగా ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు బండ్లు ఇటొచ్చి ట్యాంకు నింపుకుని పోతున్నాయి. సరిహద్దు బంకుల వ్యాపారంలో మంచి భాగం ఆ తేడా మీదే నడుస్తోంది. ఎలక్ట్రిక్ అనగానే వాళ్లకి టెన్షన్ రావడం సహజం. కానీ హైవే పక్కన స్థలం, త్రీఫేజ్ కరెంటు, రాత్రి కాపలా అన్నీ ఉన్నది వాళ్ల దగ్గరే. ఛార్జింగ్ పాయింటు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? శత్రువుని చేసుకోకుండా సభ్యుడిని చేసుకోండి.

చందా విషయంలో నా మాట ఇది: ఆటోవాళ్లకి నెలకి ఇరవయ్యో ముప్పయ్యో, స్కూళ్లకి కొంచెం ఎక్కువ, డీలర్లకి, కంపెనీలకి ఇంకా ఎక్కువ. ఓటు మాత్రం అందరికీ ఒక్కటే. డీలర్లు సభ్యులుగా ఉండొచ్చు, అధ్యక్షుడిగా, కోశాధికారిగా ఉండకూడదు, ఈ ముక్క నియమావళిలోనే రాయించండి. లేకపోతే ఆరు నెలలకి కూటమి ఒక షోరూమ్ బ్రాంచ్ అయిపోతుంది. ఏ ఇంధనానికీ జెండా పట్టకూడదన్నది కూడా రాసుకోండి. ఊళ్లో తిరిగేవాటికి ఎలక్ట్రిక్, బంకు ఉన్న రూటులో దూరం వెళ్లేవాటికి సీఎన్‌జీ, ఎవరి పనికి ఏది సరిపోతే అది. పెట్రోలు బండికి సీఎన్‌జీ కిట్ పెట్టించేవాళ్లకి రెండు గట్టిగా చెప్పండి: ఆర్‌సీలో ఎక్కించాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి టెస్ట్ చేయించాలి.

కోరాపుట్ వైపు వాళ్లకి ఇంకో మాట. సాలూరు నుంచి సుంకి మీదుగా ఘాట్ ఎక్కేటప్పుడు ఛార్జ్ మైదానంలో కంటే చాలా త్వరగా దిగిపోతుంది, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది గానీ ఎక్కడానికి పోయిందంతా రాదు. డీలర్ టెస్ట్ డ్రైవ్‌ని నమ్మకండి, లోడ్ వేసి మీ రూటులోనే ఎక్కించి చూపించమనండి.

సరిహద్దు వల్ల నష్టమే కాదు, లాభమూ ఉంది

డీజిల్ ఆటో ఒడిశాలో రిజిస్టర్ అయితే గేటు దాటి ఇచ్ఛాపురం వెళ్లాలంటే పర్మిట్ గొడవ. పర్లాకిమిడి, పాతపట్నం అయితే పేరుకే రెండు రాష్ట్రాలు, సంత ఒకటే, చుట్టాలు ఒకటే, ఆటోకి మాత్రం మధ్యలో గీత. బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకి పర్మిట్ అక్కర్లేదని కేంద్ర రవాణా శాఖ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2021 ఆగస్టులో బ్యాటరీ బండ్లకి రిజిస్ట్రేషన్ ఫీజు కూడా తీసేసింది. మన జిల్లాల ఆటోవాడికి ఎలక్ట్రిక్ గురించి ఒక్కటే మాట చెప్పాలంటే నేను చెప్పేది ఈ పర్మిట్ సంగతే, పర్యావరణం తర్వాత. అలాగని కాగితాలే వద్దని కాదు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, లైసెన్స్ ఉండాల్సిందే. రోడ్డు మీద ఆపేవాళ్లందరికీ ఈ నోటిఫికేషన్ తెలుసనుకోకండి. కాపీ ప్రతి బండిలో పెట్టించండి, కూటమి తరఫున అటు శ్రీకాకుళం, ఇటు బరంపురం రవాణా ఆఫీసులకి ముందే ఒక ఉత్తరం ఇవ్వండి.

అందుకే అటువైపు సభ్యులు మొదటి రోజు నుంచీ ఉండాలంటాను. ఇంకో కారణం కూడా ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి, బరంపురం లేదు. గాలికి గిరిసోలా గేటు తెలియదు గానీ నిధులకి తెలుసు. అటువాళ్లు తమ మున్సిపాలిటీని అడగగలిగేది మనం ఇక్కడ అడగలేం.

రిజిస్ట్రేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒడిశాలో 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, ఇక్కడ రిజిస్టర్ చేసి అవతలివాళ్లని సభ్యులుగా చేర్చుకోండి. రాయగడలో జేకే పేపర్ ఉంది, తెరుబాలిలో ఫెర్రో అల్లాయ్స్ కంపెనీ ఇమ్ఫా ఉంది, సీఎస్ఆర్ (కంపెనీలు సేవా పనులకి ఇచ్చే) డబ్బులు అడుగుదాం అని ఎవరో ఒకరు లేస్తారు. సీఎస్ఆర్ తీసుకోవాలంటే సంస్థకి మూడేళ్ల పని చరిత్ర, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు, సీఎస్ఆర్-1 ఫారం కావాలి. కొత్త సంఘానికి అది ఇప్పట్లో రాదు. డబ్బు బదులు, వాళ్ల కాంట్రాక్టర్ల బండ్లు ఎన్ని, ఏ రూటులో తిరుగుతున్నాయి అని అడగండి, అది ఎక్కువ పనికొస్తుంది.

ఛార్జింగ్, తుఫాను

ఛార్జింగ్ స్టేషన్ నడపడానికి కరెంటు లైసెన్స్ అక్కర్లేదని 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ స్పష్టం చేసింది. అసలు చిక్కు ఇంటి దగ్గర. చాలామంది డ్రైవర్లు ఉండేది అద్దె ఇంట్లో, ఆటో పెట్టేది సందులో. కిటికీలోంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి ఫోను పెట్టుకునే 5 ఆంప్ ప్లగ్గులో గుచ్చుతారు, అరగంటకి ప్లగ్గు వేడెక్కుతుంది, గంటకి వాసన వస్తుంది, ఇంటి ఓనరు పైనుంచి అరుస్తాడు. 16 ఆంప్ సాకెట్, దానికో విడి ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), మందం వైరు, సరైన ఎర్తింగ్ పెట్టించాలి, ఓనరు ఒప్పుకుంటే సబ్ మీటర్ కూడా. కూటమికి ఒక ఎలక్ట్రీషియన్ ఉంటే ఈ పని అందరికీ చవకలో అవుతుంది. ఓనరు ససేమిరా అంటే ఆ డ్రైవరుకి స్టాండు దగ్గరే రాత్రి ఛార్జింగ్ చూడాలి, లేదంటే ఆ బండి ఎలక్ట్రిక్‌కి పనికిరాదు.

మన తీరంలో ఇంకొకటి మర్చిపోకూడదు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని కూడా ముంచింది. అలాంటప్పుడు కరెంటు రోజుల తరబడి ఉండదు. స్కూలు బస్సులూ ఆసుపత్రి బండ్లూ అన్నీ ఒకేసారి బ్యాటరీకి మార్చేయకండి, కొన్ని వేరే ఇంధనం మీద ఉంచండి.

బ్యాటరీ కొనేటప్పుడు వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద రాయించుకోండి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలని పాత సామాన్లవాడికి అమ్మనివ్వకండి, 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే పోవాలి.

ఏడాది లెక్క

మీటింగులు నెలకొకటి చాలు, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పెట్టండి, ఉదయం పెడితే స్కూలు ట్రిప్పులవాళ్లు రారు. మినిట్స్ ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి. ఒడియా యూనియన్‌వాళ్లు మనది తెలుగువాళ్ల సంఘం అనుకున్న రోజున పని ఆగిపోతుంది.

ఏడాదికి ఎంత డీజిల్ తగ్గిందో పుస్తకాల్లోంచి కూడండి. పైన చెప్పిన ఆటోకి 900 లీటర్లు, లీటరు మండితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే 2.4 టన్నులు. కానీ మన కరెంటు ఎక్కువగా బొగ్గుదే, యూనిట్‌కి 0.7 కిలోలు వేసుకుంటే 3,000 యూనిట్లకి 2.1 టన్నులు తిరిగి వచ్చేస్తాయి. కార్బన్‌లో మిగులు కొంచెమే, స్టాండులో పీల్చే పొగలో మాత్రం చాలా. రెండూ ఉన్నదున్నట్టు రాయండి. గొప్ప కోసం మొదటి అంకె ఒక్కటే వేస్తే తెలిసినవాడెవడో మీటింగులో లేచి అడుగుతాడు. కప్పు మీద సోలార్ పెట్టిన కాలేజీ ఏదైనా సభ్యురాలైతే ఆ బండ్ల లెక్క విడిగా చూపించండి, అక్కడ తేడా బాగా కనిపిస్తుంది.

ఈ లెక్క ఒక పేజీ చాలు. రెండు భాషల్లో అచ్చు వేయించి స్టాండులో, బంకులో అంటించండి. ఒక కాపీ రవాణా ఆఫీసులో, ఒకటి మున్సిపాలిటీలో, ఒకటి కరెంటు ఆఫీసులో ఇచ్చి మీ దగ్గరున్న కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాతి ఏడాది ఛార్జింగ్‌కి స్థలం అడగడానికి వెళ్లేటప్పుడు ఆ ముద్ర ఉన్న కాగితం చేతిలో ఉండాలి.