ఉగ్గానితో మొదలుపెట్టండి: మన గవర్నమెంటు స్కూలు పిల్లలకు వెబ్ పేజీలు నేర్పడం ఎట్లా

శనివారాలు కాస్త ఖాళీ దొరుకుతోంది, కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు ఏదన్నా గవర్నమెంటు స్కూల్లో పిల్లలకు వెబ్ పేజీలు చేయడం నేర్పిద్దామా అని చానామంది అడుగుతున్నారు. తప్పకుండా రండి. వచ్చే ముందు ఈ నాలుగు మాటలు చదువుకోండి.

ముందు హెడ్‌మాస్టర్ దగ్గర పర్మిషన్ తీసుకొని కంప్యూటర్ల గది చూసి రండి. ఎన్ని ఆన్ అవుతున్నాయో లెక్కపెట్టుకోండి, ప్రతి కీబోర్డులో షిఫ్ట్ బటన్ పనిచేస్తోందో లేదో నొక్కి చూడండి, ఎందుకంటే ట్యాగ్‌కి, అంటే పేజీలో ఏ ముక్క ఏమిటో బ్రౌజర్‌కి చెప్పే గుర్తుకి, కావాల్సిన రెండు కోణం గుర్తులూ (< >) షిఫ్ట్ లేకుండా పడవు. నెట్ లేదని వెనక్కి రావద్దు. నోట్‌ప్యాడ్, ఏదో ఒక బ్రౌజర్ ఉంటే వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ నేర్పొచ్చు. నేను మొదటి రోజు పాఠమంతా నెట్ మీదే పెట్టుకొని పోయినాను, నెట్ రాలేదు, పిల్లలు గంటసేపు ఊరికే కూర్చున్నారు. అప్పట్నుంచి అంతా పెన్‌డ్రైవ్‌లోనే.

మొదటి క్లాసు కంప్యూటర్ ముట్టకుండా చేయండి. అట్ట ముక్కల మీద ట్యాగులు రాసి తలా ఒకటి ఇచ్చి వరసగా నిలబెట్టండి. ఏ ట్యాగ్ ముందు తెరిచామో దాన్ని చివర మూయాలి అనే విషయం క్యారియర్ చూపిస్తే వెంటనే ఎక్కుతుంది, అడుగు గిన్నె మొదట పెడతాం, తీసేటప్పుడు చివర వచ్చేది అదే కదా.

తర్వాత ఉగ్గాని, అదే మన బొరుగుల టిఫిన్, దాని మీద ఒక పేజీ రాయించండి. పుస్తకంలో ఉండే ఉదాహరణలు మన పిల్లలకు అంటవు, ఉగ్గాని మాత్రం వాళ్లమ్మ పొద్దున చేసిందే. పైన పేరు హెచ్1లో, అంటే పెద్ద శీర్షిక ట్యాగ్‌లో, దాని కింద రెండు ముక్కలు పీ ట్యాగ్‌లో, అంటే పేరాలో. బొరుగులు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, పుట్నాల పొడి, నిమ్మకాయ, వీటిని ఏ వరసలో రాసినా నష్టం లేదు, కాబట్టి యూఎల్, అంటే అంకెలు లేని జాబితా. కానీ బొరుగులు నానబెట్టి పిండాల, తిరగమాత వేయాల, ఆ తర్వాతే కలపాల, వరస తప్పితే ఉగ్గాని కాదు, కాబట్టి ఓఎల్, అంటే అంకెల వరస ఉండే జాబితా. ఇంత చెప్పినాక ఆ రెండింటి తేడా మళ్లీ అడిగిన పిల్లోడు నాకు తగల్లేదు.

సేవ్ చేసేటప్పుడే అందరూ ఆగిపోతారు. ఫైల్ టైపులో ఆల్ ఫైల్స్ పెట్టకపోతే పేరు చివర టీఎక్స్‌టీ అంటుకుంటుంది, అప్పుడు బ్రౌజర్‌లో పేజీ రాదు. పాత విండోస్ అయితే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 కూడా మీరే ఎంచుకోవాలి, లేదంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. పేజీ తలలో, అంటే హెడ్ ట్యాగ్‌లో, మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అనే లైను కూడా మొదటి పేజీ నుంచే అలవాటు చేయండి. తెలుగు టైపింగ్ కష్టం, ఇంగ్లీషులోనే కానిద్దాం అని మీకు అనిపిస్తుంది, దయచేసి అట్లా చేయొద్దు, తన ఊరి పేరు తెలుగులో తెర మీద పెద్దగా కనిపించినప్పుడు ఆ పిల్ల మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

పేజీ సరిగ్గా రాకపోతే మౌస్ లాక్కొని మీరు దిద్దొద్దు. "ఏమ్మా, ఈ లైను గట్టిగా చదువు" అనండి, మూసే ట్యాగ్‌లో వాలు గీత (/) మర్చిపోయిన సంగతి తనే పట్టుకుంటుంది. ఒక కంప్యూటర్‌కి ముగ్గురుంటే మగపిల్లలు మౌస్ వదలరు, పది నిమిషాలకోసారి మార్పించండి, ఇది మీరు పట్టించుకోకపోతే ఆడపిల్లలు ఏడాదంతా చూస్తూనే ఉండిపోతారు.

ఇంగ సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోయే సంగతి. మన పడమటి ఊర్లల్లో పంటలు అయిపోతూనే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు పత్తికీ మిరపకాయలకీ పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. మూడు నెలల కోర్సు అని ప్లాన్ చేస్తే సగంమంది మధ్యలోనే ఉండరు. అందుకే ఏ రోజు పాఠం ఆ రోజు ఒక పూర్తి పేజీగా ముగియాల, సగం పని రేపటికి వద్దు. ప్రతి పిల్లకీ ఒక ఫోల్డర్ పెట్టండి, కంప్యూటర్‌లో ఒకటి, మీ పెన్‌డ్రైవ్‌లో ఒకటి. తిరిగొచ్చిన రోజు ఆ ఫోల్డర్ తెరిచి చూపిస్తే క్లాసు విడిచిన చోటనే మొదలవుతుంది. అది లేకపోతే ఆ పిల్ల వెనక బెంచీలో కూర్చుంటుంది, మళ్లీ నోరు తెరవదు.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొదటి వెబ్ పేజీలో కూడా అక్షరాలూ లింకులే, బొమ్మల్లేవు, ఈ మాట పిల్లలకు చెప్పండి, రంగులు రాలేదని దిగులు పడరు.

పేజీల్లో పిల్లల ఫోటోలు, ఫోన్ నంబర్లు పెట్టనీయొద్దు. ఊరి గుడి, చెరువు, పశువుల ఫోటోలు చాలు. ఫోటో పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా రాయించండి, లేదంటే ఇక్కడ కనిపించిన ఫోటో రేపు సర్వర్ (పేజీలను నెట్‌లో ఉంచే కంప్యూటర్) మీద కనిపించకపోవచ్చు.

చివర్లో హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా ఇంటికి పంపించండి, సుగ్గిలో ఉన్న అమ్మానాన్న కూడా ఫోన్లో తెరిచి చదువుకోవచ్చు. ఫోటో వేరే ఫైల్ కాబట్టి దాంతోపాటు పోదు, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి.