కథల్లో నల్లమందు జాడ పట్టడం – 4వ పాఠం: గొంగళిపురుగు హుక్కా, ఆలిస్ సీసా

ఈసారి ఇంగ్లిష్ కవి కోల్‌రిడ్జ్ ‘కుబ్లా ఖాన్’ కవిత ముందుమాట చదువుదామని అనుకున్నాం కదా, అది వాయిదా. పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ముందుకు వెళ్లే ధైర్యం లేదు. నేను అడిగింది చిన్న పని. ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’లో గొంగళిపురుగు అధ్యాయం చదివి, నల్లమందుకి సంబంధించిన ఆధారం ఏదైనా ఉంటే రాయమన్నాను. దాదాపు అందరూ ఒకటే రాశారు: హుక్కా ఉంది, పుట్టగొడుగు ఉంది, కథలోని పిల్ల ఆలిస్ ఒళ్లు పెరుగుతోంది తరుగుతోంది, కాబట్టి లూయిస్ కారల్ నల్లమందు వేసుకుని రాశాడు. ఒకరైతే అది మన బెంగాల్ నల్లమందే అని కూడా తేల్చేశారు. ఆ చివరి ముక్క ముందు పక్కన పెట్టేద్దాం: బ్రిటన్‌లో మందుగా వాడిన నల్లమందులో ఎక్కువ భాగం టర్కీ నుంచి వచ్చేది, మన దేశంలో పండించింది ప్రధానంగా చైనాకి పోయేది.

లాడనం (సారాయిలో కలిపిన నల్లమందు) అంటే ఏమిటి, ఎలా చేసేవాళ్లు, ఎందుకు వాడేవాళ్లు అన్నది మొదటి పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను. కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్ అనీ, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చెప్పేవాడనీ మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ఇక నాకు చిరాకు తెప్పించే బోను ఇది: పాత్ర చేతిలో ఉన్నదాన్ని తీసుకెళ్లి రచయిత నోట్లో పెట్టడం. ‘కన్యాశుల్కం’లో గిరీశం పొగతాగనివాడు దున్నపోతై పుడతాడని పద్యం చదివాడు కదా అని మనం గురజాడ ఊపిరితిత్తులు పరీక్షించబోం, అది గిరీశం మాట, ఆ మాటలో గిరీశం కనిపిస్తాడు, అంతే. మరి ఇంగ్లిష్ రచయిత దగ్గరకి వచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడికి పోతోందో నాకు అర్థం కాదు. పైగా హుక్కా సంగతి మనవాళ్లకి ఒకరు చెప్పాలా? హుక్కాలో వేసేది పొగాకు. నల్లమందు పొగ పీల్చే పద్ధతే వేరు, దానికి వేరే గొట్టం కావాలి, పక్కన దీపం ఉండాలి, బఠాణీ గింజంత ముద్దని ఆ మంట మీద వేడి చేసి పీల్చాలి, పడుకుని పీల్చాలి. గొంగళిపురుగు చేతులు కట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది, పక్కన దీపం లేదు. (ఆ పుస్తకానికి బొమ్మలు వేసిన టెన్నియల్ గీసిన ఈ బొమ్మ ఒకసారి చూడండి, దాని ముక్కూ గడ్డమూ అనిపించేవి నిజానికి పురుగు కాళ్లు. పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ అదే.) ఇంకో విషయం, 1860ల నాటి ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లలో నల్లమందుని చుక్కలుగా తాగేవాళ్లు, మాత్రలుగా మింగేవాళ్లు, పొగగా పీల్చేవాళ్లు కాదు. తూర్పు లండన్ సందుల్లో నల్లమందు గదులు, పొగలో మునిగిన మనుషులు అనే చిత్రం సాహిత్యంలో స్థిరపడింది డికెన్స్ 1870లో రాస్తూ రాస్తూ చనిపోయిన ఆఖరి నవల తర్వాతే. ఆలిస్ అచ్చయింది 1865లో. ఆనాటి ఇంగ్లిష్ పాఠకుడికి హుక్కా కనబడితే గుర్తొచ్చేది కంపెనీ కొలువు చేసి తిరిగొచ్చి, ఎదుటివాణ్ని చులకనగా మాట్లాడే దొర, లేదా బొమ్మల్లో చూసిన తురక సుల్తాను. గొంగళిపురుగు కూడా ఆలిస్‌తో సరిగ్గా అలాగే మాట్లాడుతుంది: “నువ్వెవరు?”

ఇంతటితో వదిలేద్దును, కానీ ఒళ్లు పెరగడం, తరగడం గురించి ఇంకా ఎక్కువమంది రాశారు. నల్లమందు మనిషిని ఏం చేస్తుంది? నొప్పి తగ్గిస్తుంది, మగతగా ఉంచుతుంది, దగ్గు ఆపుతుంది, పేగుల్ని బద్ధకింపజేస్తుంది. లేనివి కళ్లముందు చూపించే ఎల్ఎస్‌డీ అనే మందు చేసే పని అది చేయదు. “మత్తు” అని ఒకే గోనెసంచిలో అన్నీ వేసి కట్టేస్తే ఈ పాఠాలన్నీ దండగే. దీర్ఘకాలం వాడినవాళ్ల కలలు మారతాయి, నిజమే, ఇంగ్లిష్ రచయిత డి క్విన్సీ 1821లో రాసిన నల్లమందు ఆత్మకథలో కట్టడాలు, ప్రదేశాలు కంటికి అందనంతగా ఉబ్బిపోయాయనీ, ఒక్క రాత్రిలో డెబ్బై ఏళ్లో వందేళ్లో బతికినట్టుండేదనీ చెప్పాడు. అయితే అవి నిద్రలో, అలవాటు ముదిరిన మనిషికి, భయంతో కలిసి వచ్చినవి. ఆలిస్ మాత్రం మెలకువగా, విసుగ్గా, తనకి ఎంత ఎత్తు కావాలో లెక్కలేసుకుంటూ పుట్టగొడుగు ముక్క ఇటొకసారి అటొకసారి కొరుకుతుంది. అది లెక్కల మాస్టారు బుర్ర.

“అయితే నల్లమందు కాదు, మైగ్రేన్” అని గెంతినవాళ్లూ ఉన్నారు. 1955లో జాన్ టాడ్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు, ఒంటి సైజు మారినట్టు అనిపించే లక్షణాలకి ఆలిస్ పేరు పెట్టాడు, సంతోషం. కానీ మైగ్రేన్‌లో కనిపించే కోటగోడల్లాంటి గీతలు కళ్ల ముందు కనిపించాయని డాడ్జ్‌సన్ డైరీలో రాసుకున్నది 1880లలో, అంటే పుస్తకం వచ్చిన ఇరవై ఏళ్లకి. ఒక బోను నుంచి బయటపడి పక్క బోనులో దూకితే లాభం ఏముంది.

ఇక్కడ నా అడ్డదారి చెప్తాను, ఏ పుస్తకానికైనా ముందు ఇదే వాడతాను. కాగితం మీద మూడు సంవత్సరాల అంకెలు వేయండి: కథ పుట్టినది, అచ్చయినది, “మత్తులో రాశాడు” అనే మాట బలంగా వినబడటం మొదలైనది. ఆలిస్ కథ పుట్టింది 1862 జులై 4న, నది మీద పడవలో, పట్టపగలు, పక్కన డక్‌వర్త్ అనే స్నేహితుడు, ఎదురుగా లిడెల్ గారి ముగ్గురు అమ్మాయిలు. చేతిరాత ప్రతిని వాళ్లలో ఒకరైన ఆలిస్ లిడెల్‌కి ఇచ్చింది 1864 నవంబర్‌లో, ఆ ప్రతిలోనే పురుగూ హుక్కా ఉన్నాయి, టీ పార్టీ లేదు, నవ్వే పిల్లీ లేదు, అవి తర్వాత చేర్చాడు. అచ్చు 1865. ఇక మూడోది? 1967లో అమెరికా రాక్ బృందం జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ పాడిన ‘వైట్ ర్యాబిట్’ పాట ఈ పుస్తకాన్నీ మాత్రల్నీ ఒకే తాడుకి కట్టేసింది. ఎల్ఎస్‌డీ మనిషి మీద ఏం చేస్తుందో తెలిసిందే 1943లో. అంటే మీలో చాలామంది 1865 నాటి పుస్తకాన్ని 1967 కళ్లద్దాలతో చదివి, అద్దం మీద మరకని పేజీ మీద మరక అనుకున్నారు. డాడ్జ్‌సన్ డైరీలు 13 సంపుటాలు, వాటిలో 9 మిగిలాయి, ఆ తొమ్మిదింటిలో నల్లమందు అలవాటు ఉన్న మనిషి కనబడడు. ఎప్పుడైనా పంటినొప్పికి నాలుగు చుక్కలు వేసుకున్నాడనే అనుకోండి, అప్పటి ఇంగ్లండ్‌లో అది మనం పారాసిటమాల్ వేసుకోవడం లాంటిదే, దాంతో గొంగళిపురుగు పుట్టదు.

మరి పుస్తకంలో నల్లమందు కాలం జాడ లేనే లేదా? ఉంది, మీరు దాన్ని దాటుకుని వెళ్లిపోయారు. మొదటి అధ్యాయంలో సీసా.

ఆలిస్‌కి బల్ల మీద సీసా కనిపిస్తుంది, మెడకి “నన్ను తాగు” అని చీటీ. ఈ పిల్ల వెంటనే తాగదు. “విషం” అని ఎక్కడైనా రాసి ఉందేమో చూస్తుంది, పెద్దవాళ్లు చెప్పిన చిన్న చిన్న జాగ్రత్తలు మరిచిపోయి కాలిపోయిన పిల్లల కథలు, జంతువులు తినేసిన పిల్లల కథలు గుర్తు చేసుకుంటుంది, “విషం” అని రాసిన సీసా ఎక్కువ తాగితే ఇవాళ కాకపోతే రేపైనా ఒంటికి పడదు అనుకుంటుంది. చీటీ మీద ఆ మాట లేదు కాబట్టి తాగేస్తుంది. రుచి ఎలా ఉంది? చెర్రీ టార్ట్, కస్టర్డ్, పైనాపిల్, కాల్చిన టర్కీ కోడి, టాఫీ, వెన్న రాసిన వేడి టోస్ట్ అన్నీ కలిసినట్టు.

ఇప్పుడు ఆ రోజుల్లోని పిల్లల గదిలోకి రండి. పసిపిల్లలు ఏడిస్తే పోసే గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే సిరప్ ఉండేది, అందులో బెల్లప్పాకం లాంటి ట్రీకిల్, దానితోపాటు నల్లమందు. తియ్యగా ఉండేది, పిల్ల నిద్రపోయేది, కొందరు లేచేవారు కాదు. కిరాణా కొట్లో కూడా లాడనం దొరికేది. నల్లమందు అమ్మే సీసా మీద “విషం” అని చీటీ ఉండాలని ఇంగ్లండ్‌లో చట్టం వచ్చింది 1868లో, ఆలిస్ అచ్చయిన మూడేళ్లకి, అదీ పేటెంట్ మందుల్ని (కంపెనీలు సొంత పేరు పెట్టి అమ్మే తయారీ మందుల్ని) వదిలేసి. కాబట్టి సీసా మీద చీటీ లేకపోతే లోపల ప్రమాదం లేనట్టే అనుకునే ఆలిస్ తర్కం ఆనాటి తల్లులకి నవ్వూ తెప్పించి ఉంటుంది, ఒళ్లూ జలదరింపజేసి ఉంటుంది. ఆ సీసాలో నల్లమందు ఉందని నేను అనడం లేదు, దయచేసి అలా రాయకండి. తియ్యటి సీసా, చీటీ, పెద్దల హెచ్చరిక, తాగాక ఒంట్లో మార్పు, ఈ వరసంతా ఆ ఇళ్లలోని మందుల అలమారా నుంచి వచ్చిందని అంటున్నాను. మనం వెతకాల్సింది రచయిత నరాల్లో కాదు, ఇంట్లో అరల మీద. ముందు నీతికథల మీద వెటకారం ఉంది, దాని వెనక అలమారా ఉంది. ఈ రెంటినీ విడదీసి చూపించినవాళ్లకి నా దగ్గర పూర్తి మార్కులు.

నిజంగా నల్లమందు వాడి, పిల్లల కోసం రాసిన మనిషే కావాలంటే వేరే చోట ఉంది. సారా కోల్‌రిడ్జ్, ‘కుబ్లా ఖాన్’ కవి కూతురు, 1802లో పుట్టింది. తండ్రిలాగే నల్లమందుకి అలవాటు పడింది, నిద్ర పట్టని రాత్రులకీ నరాల బాధకీ. 1834లో పిల్లల కోసం వేసిన పద్యాల పుస్తకంలో నల్లమందునిచ్చే గసగసాల పూల మీద ఒక పద్యం ఉంది. తెల్లవి, నల్లనివి, ఎర్రవి, కొడుకు హెర్బర్ట్‌కి ఆ రంగులంటే ఇష్టం, కానీ అవి అమ్మకి ఎంత మేలు చేస్తాయో వాడికి తెలియదు అంటుంది. అంతే పద్యం. ఎగిరే కొండలు లేవు, మాట్లాడే పురుగులు లేవు. తోట, హాయిగా నిద్రపోయే పిల్లాడు, నిద్ర లేని తల్లి. ఆవిడే 1837లో ‘ఫాంటాస్మియన్’ అనే నవల రాసింది, ఇంగ్లిష్‌లో మొదటి అద్భుతకథా నవలగా చాలామంది చెప్పేది దాన్నే. రాజకుమారుడు, అతనికి పురుగు రెక్కలిచ్చే దేవత, రాజ్యాలు, చిక్కుముళ్లు. నిజం చెప్పాలంటే నాకు అది నత్తనడక, పేర్లు గుర్తుపెట్టుకోవడానికే ఓపిక అయిపోతుంది. కానీ చూడండి, అందులోని ఊహ పురుగుల్నీ పూలనీ పట్టి పట్టి చూసిన కన్ను నుంచి, చదివిన పాత కథల నుంచి వచ్చింది. నల్లమందు గురించి సూటిగా రాసిన చోట ఊహ రెక్క విప్పలేదు, ఊహ రెక్క విప్పిన చోట నల్లమందు ఊసు లేదు. డి క్విన్సీ కూడా ఇదే అన్నాడు: రోజంతా ఎద్దుల గురించి మాట్లాడేవాడు నల్లమందు తింటే వాడి కలలోకి ఎద్దులే వస్తాయట.

‘ఓజ్’ అనే అమెరికా పిల్లల నవల గురించి అడిగినవాళ్లకి క్లుప్తంగా. బామ్ 1900లో రాసిన ఆ కథలోని గసగసాల పొలంలో వాసనకే డొరొతీ, కుక్క, సింహం నిద్రలో పడతాయి, గడ్డిబొమ్మకీ రేకుమనిషికీ ఏం కాదు, వాళ్లకి మాంసం లేదు కాబట్టి. మంచు కురిసి మేలుకోవడం 1939 సినిమాలోది, పుస్తకంలో సింహాన్ని బండి మీదకి ఎక్కిస్తే ఎలుకలు లాగుతాయి. వాసనతో ఎవరూ నిద్రపోరు, పచ్చికాయకి గాటు పెడితే కారే పాలల్లో ఉంటుంది అసలు సరుకు. పైగా బామ్ పూలు ఎర్రనివి, పొలాల్లో మామూలుగా కనిపించే ఎర్ర గసగసాల మొక్కలో మార్ఫిన్ (నల్లమందులో పనిచేసే అసలు పదార్థం) ఉండదు. అంటే ఇది మందు తెలిసినవాడి వర్ణన కాదు, గసగసాల పువ్వు అంటే నిద్ర అనే పాత నమ్మకం. అమెరికాలో మందుల సీసా మీద మార్ఫిన్ ఉందో లేదో రాయాలని చట్టం వచ్చింది 1906లో, ఈ లెక్క మీరే వేసుకోండి.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, రెండు వారాలు తీసుకోండి. ఇంగ్లిష్ కవయిత్రి క్రిస్టినా రొసెటి ‘గాబ్లిన్ మార్కెట్’ కవిత పూర్తిగా చదవండి. ఇద్దరు అక్కచెల్లెళ్లలో గాబ్లిన్‌లు (మాయా మరుగుజ్జులు) అమ్మే పళ్లు తిన్న ఒకామె మళ్లీ మళ్లీ అవే కావాలని చిక్కిపోతుంది, రెండో ఆమె వెళ్లి ఆమెని కాపాడుతుంది. అచ్చయింది 1862లో. అదే ఏడాది ఫిబ్రవరిలో కవయిత్రి వదిన ఎలిజబెత్ సిడాల్ లాడనం ఎక్కువై చనిపోయింది. ఈ రెంటికీ సంబంధం ఉందా లేదా, ఉంటే ఎలాంటిది అన్నది రెండు పేజీల్లో రాయండి, “మత్తు” అనే మాట వాడకుండా. మూడు సంవత్సరాల లెక్క మొదటి వాక్యంలోనే ఉండాలి, చావుకే కాదు అలవాటుకీ తేదీలుంటాయని మరిచిపోకండి. ఇంకో షరతు, కవిత రాతప్రతి మీద ఏ తేదీ ఉందో చూడకుండా రాసిన జవాబు చదవను.