తక్కువ ధర బేస్ గిటార్‌ను ఎంచుకుని తీర్చిదిద్దుకోవడం ఎలా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లోని చర్చి బృందాలకూ, పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ వాయించే మెలోడీ పార్టీలకూ బేస్ గిటార్లు సరిచేసి ఇవ్వడం నాకు చాలా ఏళ్లుగా అలవాటైన పని. చేతికి వచ్చే గిటార్లలో పదే పదే ఒకే తప్పు కనిపిస్తుంది. పది పన్నెండు వేలు పెట్టి గిటార్ కొన్నవారు, దానిమీద మరో ఐదారు వేలు పోసి కొత్త పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) వేయించి, నెక్‌ను (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కాడను) మాత్రం దుకాణం నుంచి వచ్చిన వంపుతోనే వదిలేస్తారు. మూడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా బిగించిన లోహపు పట్టీ) దగ్గర జరజరలాడే తీగకు ఎంత ఖరీదైన పికప్ పెట్టినా ఆ జరజరే మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ముందు నెక్, తరువాత తీగలు, అన్నిటికన్నా చివర విద్యుత్ భాగాలు అనే క్రమం తప్పకూడదు.

ఎంపిక

నాలుగు తీగలు, 34 అంగుళాల స్కేలు (తీగ మోగే భాగం పొడవు), స్క్రూలతో బిగించిన నెక్, బ్యాటరీ అవసరం లేని పాసివ్ వైరింగ్ ఉన్న గిటార్‌నే తీసుకోవాలి. 1951లో ఫెండర్ సంస్థ ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసినప్పటి నుంచి 34 అంగుళాలే వాడుకలో ప్రమాణంగా నిలిచింది కనుక, తీగలు, బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలను పట్టి ఉంచే భాగం), విడి నెక్ ఏది కావాలన్నా ఆ కొలతకు సులువుగా దొరుకుతాయి. స్క్వయర్, యమహా, ఐబనీజ్, కోర్ట్ సంస్థల ప్రారంభ శ్రేణి గిటార్లలో ఏదైనా ఈ పనికి సరిపోతుంది. ఐదు తీగల గిటార్ జోలికి మాత్రం పోకూడదు. అదనపు తీగ లాగుడును చవక నెక్ సరిగా మోయలేదు. పైగా ఆ లోతైన స్వరాలున్న చోట కీబోర్డు వాయించేవారి ఎడమ చెయ్యి ఎలాగూ ఉంటుంది.

వడ్రంగి పలక వంపును చూసినట్లు, ఒక కన్ను మూసి, తల వైపు నుంచి ఒంటి వైపు నెక్ అంచుల వెంట చూడాలి. నెక్ కొద్దిగా ముందుకు వంగి ఉంటే భయం లేదు. కానీ ఒక అంచు తిన్నగానూ రెండోది వంకరగానూ కనిపిస్తే అది వంపు కాదు, మెలి. వంపును సరిచేయవచ్చు గానీ మెలిని ఇంటి దగ్గర సరిచేయడం కుదరదు కాబట్టి ఆ గిటార్ ఎంత చవకగా వచ్చినా వద్దనాలి. తరువాత నాలుగు తీగల మీదా ప్రతి ఫ్రెట్‌నూ ఒక్కొక్కటిగా నొక్కి వినాలి. నెక్ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, బిగించే నట్ తిరుగుతోందో లేదో అమ్మేవారి ముందే చూడాలి. విశాఖ నుంచి గానీ ఆన్‌లైన్‌లో గానీ తెప్పించుకునేవారు, వెనక్కి పంపే గడువు పోకముందే, గిటార్ చేతికి వచ్చిన రోజే ఈ పరీక్షలన్నీ పూర్తి చేయాలి.

గోపాలపూర్, ఛత్రపురం వైపు నుంచి వచ్చే పాత గిటార్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. సముద్రపు గాలికి బ్రిడ్జ్ శాడిళ్లలోని (ఒక్కో తీగ ఆనుకునే చిన్న దిమ్మల్లోని) చిన్న మరలు తుప్పు పట్టి అతుక్కుపోతాయి. అవి కదలకపోతే బ్రిడ్జ్ మార్చవలసి వస్తుంది కాబట్టి, ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగాలి.

పనిముట్లు, విప్పడం

కొలతకు సరిగ్గా సరిపోయే ఎలెన్ కీలు (ఆరు పలకల కీలు), మంచి స్టార్ స్క్రూ డ్రైవర్, స్టీలు స్కేలు, ట్యూనర్, కాపో (తీగలను ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు), సోల్డరింగ్ ఐరన్, రాగి టేపు, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట) ఉంటే చాలు. ఫీలర్ గేజ్ కోసం సంగీత దుకాణాల చుట్టూ తిరగనక్కరలేదు. మోటారు సైకిల్ మెకానిక్కులు ట్యాపెట్లు సరిచేయడానికి వాడేది అదే.

నెక్ విప్పేముందు వైరింగ్‌కు ఫోటో తీసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూనూ మొదట వెనక్కి తిప్పి, పాత మర గాడిలోకి అది టక్కున దిగినట్లు తెలిశాకే ముందుకు తిప్పాలి. నేరుగా బిగిస్తే కొత్త గాడి పడి, కలప పట్టు వదిలేస్తుంది.

తీగలు ముందే ఎందుకు

వాడదలచుకున్న తీగలను నెక్ పని మొదలుపెట్టకముందే ఎక్కించాలి. నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద మొత్తం లాగుడు 70 కిలోలకు పైగా ఉంటుంది. తీగల మందం మారితే ఆ లాగుడు మారుతుంది, దానితో వంపూ మారుతుంది. పాత తీగల మీద వంపు సరిచేసి, మరునాడు కొత్త తీగలు వేసేవారు ఒకే పనిని రెండుసార్లు చేస్తున్నారు.

బేస్‌కు ఫ్లాట్‌వౌండ్ తీగలే వేయాలి. పైన బల్లపరుపు రిబ్బను చుట్టి ఉండటం వల్ల వేలు జారినప్పుడు కీచుమనవు, ఫ్రెట్లను త్వరగా అరగదీయవు, మన ప్రాంతపు చెమటకు గుండ్రని వైరు చుట్టిన రౌండ్‌వౌండ్ తీగల్లా నెలకే మొద్దుబారవు. అమెరికాలోని మోటౌన్ సంగీత సంస్థ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద మందమైన ఫ్లాట్‌వౌండ్ తీగలే వాడేవాడు, వాటిని చాలా అరుదుగా మార్చేవాడు. వీటి ధర ఎక్కువన్నది నిజమే. అయినా ఏళ్ల తరబడి నిలిచే తీగలకు పెట్టిన డబ్బు కొత్త పికప్‌కు పెట్టిన డబ్బు కన్నా ముందుగా వినిపిస్తుంది.

ట్రస్ రాడ్: ఇక్కడ తొందర పనికిరాదు

నెక్ లోపల నిలువునా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాని పేరు ట్రస్ రాడ్. 1923లో గిబ్సన్ సంస్థకు చెందిన థాడియస్ మెక్‌హ్యూ దీనికి పేటెంట్ పొందాడు. తీగలు నెక్‌ను ముందుకు లాగుతుంటే, ఈ కడ్డీ దానిని వెనక్కి పడుతూ ఉంటుంది. ఈ రెండు బలాల నడుమ సమతూకం కుదర్చడమే మనం చేసే పని. తీగల ఎత్తు తగ్గించడం దీని పని కాదు. ఎత్తు సరిచేయడానికి బ్రిడ్జ్ మీద శాడిళ్లు ఉన్నాయి. ఎత్తు తగ్గించడానికి రాడ్‌ను బిగించడమే నేను చూసిన నాశనాలన్నిటికీ మూలం.

నెక్ గీత గీసినట్లు తిన్నగా ఉండాలని వాదించేవారు ఉన్నారు. మోగుతున్న తీగ మధ్యలో ఎక్కువగా, చివరల్లో తక్కువగా ఊగుతుంది. లావైన ఇ తీగ ఊగే పరిధి మరీ పెద్దది. ఆ ఊపుకు చోటివ్వడానికే నెక్ మధ్యలో వెంట్రుకవాసి ముందు వంపు కావాలి. తిన్నని నెక్ మీద మెల్లగా వాయించినప్పుడు అంతా బాగానే ఉన్నట్లు తోస్తుంది గానీ, డ్రమ్ములతో కలిసి గట్టిగా మీటిన మొదటి పాటలోనే జరజర మొదలవుతుంది.

కొలిచేటప్పుడు గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టకూడదు, ఒళ్లో వాయించే భంగిమలోనే ఉంచాలి. తీగలు పూర్తి శ్రుతిలో ఉండగా, ఇ తీగకు మొదటి ఫ్రెట్ దగ్గర కాపో బిగించి, చివరి ఫ్రెట్‌ను వేలితో నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య ఫీలర్ గేజ్ దూర్చాలి. అక్కడ 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల సందు ఉండాలి. గేజ్ రేకు తీగను పైకి లేపకుండా, తాకీ తాకనట్లు జారాలి. సందు అంతకన్నా ఎక్కువగా ఉంటే ముందు వంపు ఎక్కువైందని, సందే లేకపోతే నెక్ తిన్నగానో వెనక్కి వంగో ఉందని అర్థం. ఈ అంకెను కాగితం మీద రాయకుండా కీని ముట్టుకోకూడదు.

ఇక కీ సంగతి. రాడ్ నట్ రంధ్రం కొన్ని గిటార్లలో మిల్లీమీటర్ల కొలతలో, కొన్నిటిలో అంగుళాల కొలతలో ఉంటుంది. 3/16 అంగుళమంటే 4.76 మిల్లీమీటర్లు. అందులో 4.5 మిల్లీమీటర్ల కీ దూరుతుంది, పట్టినట్లే అనిపిస్తుంది, రెండోసారి తిప్పేసరికి మూలలు అరిగిపోయి రంధ్రం గుండ్రమవుతుంది. గుణుపురం నుంచి ఒక చర్చి కుర్రాళ్లు తెచ్చిన గిటార్‌కు ఇదే జరిగింది. ఒక దుకాణంలో దగ్గరున్న కీతో తిప్పి చూశారట. ఆ నట్‌ను తీయడానికి నాకు రెండు రోజులు పట్టింది, గిటార్ ధరలో మూడో వంతు ఖర్చు వారి మీద పడింది. కీ అడుగు దాకా దిగాలి, దిగాక ఏమాత్రం లొటలొటలాడకూడదు. అలా కుదిరే కీ దొరికేదాకా ఆ పని ఆపి ఉంచడమే సరైన నిర్ణయం.

బిగించేముందు నాలుగు తీగలనూ ఒక్కో స్వరం మేర వదులు చేయాలి. అప్పుడు రాడ్ మీద భారం తగ్గి నట్ సాఫీగా తిరుగుతుంది. నట్‌కు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే రాడ్ బిగిసి ముందు వంపు తగ్గుతుంది, దానికి ఎదురు వైపు తిప్పితే వంపు పెరుగుతుంది. ఒక్కసారికి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పాలి, అంటే గడియారం మీద పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా. వెంటనే తీగలను శ్రుతికి తెచ్చి, మళ్లీ కొలిచి, రాసి, గిటార్‌ను ఆ రాత్రికి వదిలేయాలి. కలప కొంత వెంటనే కదులుతుంది, మిగిలినది తీరిగ్గా కదులుతుంది. అరగంటలో అంకె మారలేదని మరో పావు చుట్టు తిప్పినవారికి తెల్లారేసరికి వెనక వంపు ఎదురవుతుంది. ఒక రోజులో మొత్తం పావు చుట్టు దాటకూడదన్నది నా దగ్గర సడలింపు లేని నియమం.

నట్ మొండికేస్తే బలం వాడకూడదు. ముందు వెనక్కి కొద్దిగా తిప్పి వదులు చేయాలి, మర మీద ఒక్క చుక్క నూనె వేయాలి, ఆ తరువాతే తిరిగి ప్రయత్నించాలి. కీకి గొట్టం తొడిగి పొడవు పెంచి తిప్పడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. లోపల కడ్డీ తెగితే చవక గిటార్‌కు అది మరణంతో సమానం, ఎందుకంటే ఫ్రెట్‌బోర్డు ఊడదీసి రాడ్ మార్చే ఖర్చుతో మరో గిటారే వస్తుంది. వెనక్కి ఎంత వదిలినా వెనక వంపు పోకపోయినా, ఎంత బిగించినా ముందు వంపు తగ్గకపోయినా, అక్కడితో ఆపి అనుభవమున్నవారికి చూపించాలి.

ఈ పని ఒకసారి చేసి మరిచిపోయేది కాదు. బరంపురం తీరపు ఉక్కలో సరిచేసిన నెక్, చలికాలంలో కొరాపుట్ కొండల మీది పొడి గాలిలో అదే వంపుతో నిలవదు. ఎటు కదులుతుందన్నది ఆ కలపను బట్టి ఉంటుంది కనుక, ఊహించకుండా కొలవాలి. వానలు పట్టాక ఒకసారి, చలి ముదిరాక ఒకసారి తప్పనిసరిగా చూడాలి. బరంపురం ఠాకురాణి యాత్రకో, రాయగడ మజ్జిగౌరమ్మ చైత్ర ఉత్సవానికో ప్రోగ్రాం ఒప్పుకున్నవారు కనీసం వారం ముందే కొలత చూసుకోవాలి గానీ ముందు రోజు సాయంత్రం కీ పట్టుకోకూడదు. గిటార్‌ను బస్సు టాప్ మీద ఎండలో పంపితే ఇంత శ్రమా ఒక్క ప్రయాణంలో పోతుంది.

ఎత్తు, స్వర స్థానం

వంపు నిలకడకు వచ్చాక మిగిలింది సులువు. పదిహేడో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్‌కూ తీగకూ మధ్య ఇ తీగకు 2.4 మిల్లీమీటర్లు, అన్నిటికన్నా సన్నని జి తీగకు 2 మిల్లీమీటర్లు ఉండేలా శాడిళ్లను సరిచేయాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి మీటితే పలికే స్వరాన్నీ) నొక్కిన స్వరాన్నీ ట్యూనర్ మీద పోల్చి, నొక్కిన స్వరం ఎక్కువగా పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువగా పలికితే ముందుకు జరపాలి.

విద్యుత్ భాగాలు

చవక గిటార్లలో మొదట పాడయ్యేవి పికప్‌లు కావు, పాట్లు (వాల్యూము, టోన్ గుబ్బల కింది భాగాలు), జాక్ (కేబుల్ గుచ్చే రంధ్రం). వాటిని మారిస్తే చాలావరకు సరిపోతుంది. సింగిల్ కాయిల్, ప్రెసిషన్ తరహా పికప్‌లకు 250 కిలో ఓమ్‌ల పాట్లు, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయాలి. పాట్ వెనక సోల్డర్ చేసేటప్పుడు ఐరన్‌ను 350 డిగ్రీల దగ్గర ఉంచి, నాలుగైదు సెకన్లలో పని ముగించాలి.

కంట్రోల్ గుంతకూ పికప్ గుంతలకూ రాగి టేపు అతికించి, ఆ టేపును పాట్ వెనక గ్రౌండుకు కలపాలి. బ్రిడ్జ్ కిందికి వెళ్లే గ్రౌండు వైరు తెగలేదని తప్పక చూడాలి. ఉత్సవ పందిళ్లలో సీరియల్ లైట్ల పక్కనే ఆంప్లిఫయర్ పెడతారు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ఇ తీగ మూడో ఫ్రెట్ మీది జి స్వరం 49 హెర్ట్‌జ్. కరెంటు వల్ల వచ్చే గుంయిమనే శబ్దం, అంటే హమ్, సరిగ్గా ఆ స్వరం పక్కనే కూర్చుని పాటను బురద చేస్తుంది. రెండు పికప్‌ల జాజ్ బేస్ తరహా గిటార్లలో రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే, ఎదురెదురుగా చుట్టిన కాయిళ్ల వల్ల హమ్ చాలావరకు రద్దవుతుంది. ప్రెసిషన్ తరహాలో రెండు ముక్కలుగా ఉండే పికప్ ఆ పనిని తనంతట తానే చేస్తుంది, అందుకే కొత్తవారికి నేను దానినే ఇప్పిస్తాను. బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (గిటార్ లోపలే సంకేతాన్ని పెంచే సర్క్యూట్) అమర్చుకోవద్దు. ఆరాధన మధ్యలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయిపోతే గిటార్ గొంతు నొక్కినట్లవుతుంది, ఆదివారం ఉదయం గుణుపురంలో కొత్తది వెతకడం ఎవరికీ సాధ్యం కాదు.

అన్నీ బిగించాక వంపును మరొక్కసారి కొలిచి, ఆ అంకెను, తీగల మందాన్ని, కీ కొలతను, తేదీని చిన్న కాగితం మీద రాసి, కంట్రోల్ మూత లోపలి వైపున అతికించి మూత వేయాలి.