ఉద్యోగం చేస్తూ రోడ్డు రేసుకు సిద్ధమయ్యే పద్ధతి

పగలంతా ఆఫీసు, సాయంత్రం ఇల్లు, పిల్లలు. ఇవన్నీ పోగా రేసులు తొక్కే అమెచ్యూర్ సైకిలిస్టుకి వారానికి మిగిలేది ఎనిమిది, తొమ్మిది గంటలు. ప్రొఫెషనల్ రైడర్ల పట్టికను కుదించి ఈ గంటల్లో ఇరికిస్తే ఏదీ పూర్తిగా అవదు, అలసట మాత్రం మిగులుతుంది. అందుకే గట్టి సెషన్లు వారానికి రెండే పెట్టుకోండి. ఆ రెండింటికీ నిద్ర, తిండి, సైకిలు ముందుగా అమర్చుకోండి. మిగతా రోజులు ఎలా సర్దుబాటైనా నష్టం లేదు.

ముందు మీ ఎఫ్‌టీపీ, అంటే దాదాపు గంటసేపు నిలకడగా తొక్కగలిగే గరిష్ఠ వాట్లు, తెలియాలి. బాగా వార్మప్ అయ్యాక 20 నిమిషాలు మీ శక్తి కొద్దీ తొక్కి, వచ్చిన సగటు వాట్లను 0.95తో గుణించండి. సగటు 253 వచ్చిందంటే ఎఫ్‌టీపీ 240. మొదటి ఐదు నిమిషాల్లో ఉత్సాహం కొద్దీ 280, 290 తొక్కితే చివర్లో కాళ్లు చచ్చిపడి అంకె తప్పుగా వస్తుంది. వాట్లు కొలిచే పవర్ మీటర్ లేకపోతే గుండె వేగంతోనూ నడపొచ్చు. కాకపోతే ఎండ, కాఫీ, నిద్రలేమి దాన్ని ఇట్టే పెంచేస్తాయి, పైగా శ్రమకు తగ్గట్టు పెరగడానికి దానికి కాస్త సమయం పడుతుంది. కాబట్టి చిన్న ఇంటర్వెల్స్‌లో, అంటే విరామాలిస్తూ గట్టిగా తొక్కే విడతల్లో, దాన్ని నమ్మకండి.

ఇక వారం ఇలా ఉంటుంది. సోమవారం సెలవు. మంగళవారం 75 నిమిషాలు: 15 నిమిషాల వార్మప్, తర్వాత ఎఫ్‌టీపీలో 88 నుంచి 93 శాతం మీద 20 నిమిషాలు, ఐదు నిమిషాలు తేలిక, మళ్లీ అదే 20, చివర 15 నిమిషాలు నెమ్మదిగా. 240 వాట్ల మనిషికి ఇది 211 నుంచి 223. రెండో 20లో చివరి ఐదు నిమిషాలు పళ్లబిగువున లాగాల్సి వస్తోందంటే మొదటిది ఎక్కువ తొక్కారన్నమాట, వచ్చే వారం 5 వాట్లు తగ్గించండి. బుధవారం గంటసేపు, పక్కన మనిషితో హాయిగా మాట్లాడగలిగేంత తేలిగ్గా. గురువారం మళ్లీ 75 నిమిషాలు: 110 నుంచి 115 శాతం మీద నాలుగేసి నిమిషాల చొప్పున ఐదుసార్లు, మధ్యలో నాలుగేసి నిమిషాల విరామం. శుక్రవారం సెలవు. శనివారం గంటన్నర గుంపుతో, ఆదివారం మూడున్నర గంటలు. మొత్తం ఎనిమిదిన్నర.

బుధవారం దగ్గరే ఎక్కువమంది చెడిపోతారు. తేలిక రోజున ఎవరో దాటిపోయారని వెంటపడితే గురువారం కాళ్లు లేవవు. 240 ఎఫ్‌టీపీకి తేలిక అంటే 134 నుంచి 180 వాట్లు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా అంతే. గేరు తగ్గించండి, దాటేవాళ్లని దాటనివ్వండి.

రాత్రి కాల్స్ ఉన్న ఉద్యోగమైతే ఆరు గంటల నిద్ర పట్టని మర్నాడు ఇంటర్వెల్స్ జోలికి వెళ్లకండి. 45 నిమిషాలు తేలిగ్గా తొక్కి, గట్టి సెషన్‌ను మరుసటి రోజుకి జరపండి. పోయిన సెషన్‌ను వారాంతంలో కలిపి పూర్తిచేయాలని చూడొద్దు, పోయింది పోయినట్టే. లేవగానే నాడి మామూలు కంటే 7, 8 ఎక్కువ కొట్టుకుంటున్నా అదే నియమం. జ్వరం ఉంటే సైకిలు ముట్టుకోవద్దు.

హైదరాబాదులో పనిరోజుల ఇంటర్వెల్స్‌కి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ బాగా పనికొస్తుంది. మొదలైనప్పుడు దాని పొడవు 23 కిలోమీటర్లు. సిగ్నళ్లు లేవు కాబట్టి 20 నిమిషాల ప్రయత్నం తెగదు. గుంపుగా వేగం తొక్కడానికి మాత్రం అది చోటు కాదు, పిల్లలూ కొత్తవాళ్లూ అక్కడే తొక్కుతారు. ఆదివారం చేవెళ్ల వైపు వెళ్లేవాళ్లు తెల్లవారేసరికి బయలుదేరాలి. ఆ మర్రిచెట్ల దారి ఇరుకు, పొద్దెక్కేకొద్దీ లారీలు, బస్సులు పెరుగుతాయి. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలగాల్సిందే. విశాఖవాళ్లకి భీమిలి బీచ్ రోడ్డు ఉంది. సముద్రం నుంచి వచ్చే పక్కగాలి రేసుల్లో ఎంతో అక్కరకొచ్చే పాఠం.

తిండి సంగతి కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే తక్కువ గంటలు తొక్కేవాళ్లు ఎక్కువగా ఓడేది ఇక్కడే. గంటన్నర దాటే ప్రతి రైడ్‌లో గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లోపలికి వెళ్లాలి. ఖరీదైన ఎనర్జీ జెల్స్ అక్కర్లేదు. 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 60 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, అరచెక్క నిమ్మరసం. పంచదారను స్పూన్లతో కాకుండా వంటింటి త్రాసు మీద తూచండి. ఇంతకంటే చిక్కగా కలిపితే, ముఖ్యంగా ఎండలో, కడుపులో నిలిచిపోయి తిప్పుతుంది. అలవాటు లేని కడుపుకి 40 గ్రాములతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచండి. మొదటి గుక్క 20వ నిమిషానికే పడాలి. ఆకలేసినప్పుడు తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది.

నీళ్లు ఎంత కావాలో త్రాసే చెబుతుంది. రైడ్‌కి ముందూ తర్వాతా బట్టలు లేకుండా బరువు చూసుకోండి. 65 కిలోల మనిషి 1.3 కిలోలకు మించి తగ్గితే తాగింది చాలలేదు. ఏప్రిల్, మే నెలల్లో గంటకు ఒక బాటిల్ కూడా చాలకపోవచ్చు. రెండో బాటిల్‌లో ఉప్పు కలిపిన మామూలు నీళ్లు పోసుకోండి.

శనివారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు సైకిలుకి ఇవ్వండి. చైన్‌ను గుడ్డతో తుడిచి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క నూనె వేసి, రాత్రంతా వదిలేసి పొద్దున బయటి తడిని పూర్తిగా తుడిచేయండి. తుడవకపోతే దుమ్ము పట్టి రుబ్బుతుంది. 11, 12 స్పీడ్ చైన్లను, అరుగుదల కొలిచే గేజీ 0.5 చూపగానే మార్చాలి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక చక్రం గేరు పళ్ల చక్రాలు) కూడా పోతుంది, దాని ధర చైన్‌కి ఎన్నో రెట్లు. ఇంట్లో ట్రైనర్ (సైకిలు కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) మీద తొక్కేవాళ్లు హ్యాండిల్ మీద తువ్వాలు కప్పాలి. చెమట ఉప్పు హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల్నీ, హ్యాండిల్ టేపు కింది అల్యూమినియాన్నీ తినేస్తుంది. బోల్టులు బిగించేటప్పుడు స్టెమ్ మీద అచ్చయిన అంకె దాటొద్దు, చాలావాటికి అది 5 న్యూటన్ మీటర్లు. బిగువు కొలిచే టార్క్ రెంచి లేకుండా కార్బన్ భాగాల జోలికి వెళ్లొద్దు.

మన హైవేల అంచుల్లో పంక్చర్లకు పెద్ద కారణం లారీల రేడియల్ టైర్ల నుంచి ఊడిన సన్నటి ఉక్కు తీగ. అది కంటికి కనపడదు. ట్యూబ్ మాత్రం మార్చి తీగను వదిలేస్తే కిలోమీటరు వెళ్లేలోపే మళ్లీ గాలి పోతుంది. టైరు బిగించేటప్పుడే దాని మీది కంపెనీ పేరు వాల్వ్ దగ్గరకు వచ్చేలా పెట్టుకోండి. అప్పుడు ట్యూబ్‌లో చిల్లు వాల్వ్‌కి ఎంత దూరంలో ఉందో చూస్తే టైరులో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. లోపల దూదిని మెల్లగా రాయండి. తీగ ఉన్నచోట దూది పోగులు చిక్కుకుంటాయి. దాన్ని వేలితో లాగకుండా పిన్నుతో బయటికి నెట్టండి. 65 కిలోల రైడర్‌కి 28 మిల్లీమీటర్ల టైర్లో ట్యూబ్‌తో వెనక 75, ముందు 70 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి. వాన పడితే 5 తగ్గించండి.

రేసుకి పది రోజుల ముందు నుంచి గంటలు దాదాపు సగానికి తగ్గించండి, తీవ్రత తగ్గించొద్దు. నాలుగు నిమిషాల ఇంటర్వెల్స్ ఐదు కాకుండా మూడు చాలు. ఆ పది రోజుల్లో కొత్త బూట్లు, క్లీట్లు (బూటును పెడల్‌కి తగిలించే ముక్కలు), సీటు ఎత్తు ఏవీ మార్చకండి. రేసు రోజున, మొదలవడానికి మూడు గంటల ముందు నాలుగైదు ఇడ్లీలు, చట్నీ నామమాత్రంగా. వడ, నెయ్యి కారం, పల్లీ చట్నీ గిన్నెడు వద్దు, కొవ్వు కడుపులోంచి త్వరగా కదలదు. ముప్పావుగంట ముందు ఒక అరటిపండు.

గుంపులో ముందు పదిహేను మందిలో ఉండటానికి పోరాడండి. మలుపు దగ్గర ముందున్నవాళ్లు కాస్త బ్రేకు వేస్తే వెనకున్నవాళ్లు దాదాపు ఆగి, మళ్లీ స్ప్రింట్ కొట్టాల్సి వస్తుంది. అలా ఇరవై మలుపులైతే కాళ్లు ఖాళీ. మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు వెళ్లనివ్వకండి. అతను కొంచెం జరిగితే పడేది మీరే, మీ వెనకున్నవాళ్లూ పడతారు. పక్కగాలి వీస్తుంటే గాలి రాని వైపు ఆశ్రయం వెతకండి. ఎదురుగాలిలో చివరి స్ప్రింట్ 150 మీటర్ల దగ్గర మొదలుపెట్టినా చాలు. తోడుగాలైతే 250 దగ్గరే లేవొచ్చు.

రేసు మర్నాడు అరగంట తేలిగ్గా కాళ్లు తిప్పి, మరో రెండు రోజులు ఇంటర్వెల్స్ లేకుండా గడపండి. ఎఫ్‌టీపీ పరీక్ష మళ్లీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు పెట్టుకోండి. అదే రోడ్డు మీద, అదే వేళకి.