అపార్ట్‌మెంట్ తడి చెత్తను గేటు దాటకుండా ఎరువు చేయడం ఎలా?

అపార్ట్‌మెంట్ సంఘాలు తడి చెత్త పని మొదలుపెట్టగానే చేసే పొరపాటు మిషన్ కొనడం. కరెంటుతో వేడిచేసే మిషన్లలో చాలావాటి నుంచి మర్నాటికి వచ్చేది ఎండిన చెత్త పొడి మాత్రమే, ఎరువు కాదు. కుండీలో వేసి నీళ్లు పోస్తే అది మళ్లీ కుళ్లుతుంది, మొక్క వేళ్లు దెబ్బతింటాయి. పైగా ఇళ్లలో చెత్త వేరుకాకపోతే ఆ మిషన్ కూడా నాలుగు నెలల్లో మూలన పడుతుంది. ముందు మనుషులు, తర్వాత ఎండుటాకులు, ఆఖరున తొట్టెలు. కమిటీ ఈ వరస తప్పకూడదు. కింది లెక్కలన్నీ 50 ఫ్లాట్లకు.

ముందు తూకం

ఆదివారం కలిసేలా వారం రోజులు చెత్త తూచండి. చికెన్, చేపల వల్ల ఆ రోజు లెక్క మారిపోతుంది. మామూలుగా ఫ్లాటుకు అర కిలో నుంచి 600 గ్రాముల తడి చెత్త వస్తుంది, అంటే రోజుకు 25–30 కిలోలు. ఈ అంకెను లిఫ్టు పక్కన రాసిపెట్టండి. హైదరాబాద్‌లోనైతే జవహర్‌నగర్ డంప్‌యార్డుకు, విశాఖలోనైతే కాపులుప్పాడ డంప్‌యార్డుకు మన గేటు నుంచి రోజూ ఎంత బరువు పోతోందో అందరికీ తెలియాలి.

గడప దగ్గరే అసలు పని

అధ్యక్షుడూ కార్యదర్శీ ఇద్దరే మోస్తే ఇది నడవదు. ప్రతి పది పన్నెండు ఫ్లాట్లకు ఒకరు బాధ్యత తీసుకోవాలి. వాళ్ల ఇంట్లో చెత్త వారం ముందే వేరు కావాలి, లేకపోతే పక్కింటివాళ్లు మొదట చూసేది అదే.

చాలా ఇళ్లలో బుట్ట పట్టుకునేది ఇంట్లో పనిచేసే ఆవిడ. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఉండదు. మధ్యాహ్నం పని ముగిసే వేళ అందరినీ కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక బుట్ట ముందు పెట్టి చూపించండి. తడిబుట్టలోకి తెలియకుండా దూరేవి చిన్నచిన్నవి: కరివేపాకు కట్ట రబ్బరు బ్యాండు, యాపిల్ మీది స్టిక్కరు, టీ బ్యాగు, పాల ప్యాకెట్ కత్తిరించిన మూల. ఆ మూలను పూర్తిగా కోయకుండా ప్యాకెట్‌కే వేలాడేలా వదలమనండి. ఆరు నెలల తర్వాత ఎరువు జల్లెడలో కనిపించే ప్లాస్టిక్‌లో ఈ ముక్కలే ఎక్కువ.

తడిబుట్టలో ప్లాస్టిక్ కవరు వేయకూడదు, పాత న్యూస్‌పేపర్ మడిచి వేస్తే చాలు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్లో చుట్టి ఎర్ర గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. చెత్త తీసుకునే కార్మికుడు మూత తీసి చూస్తాడు. కలిపేసి ఉంటే బుట్ట అక్కడే వదిలేస్తాడు, అంతే. ఆ ఇంటివాళ్లతో మాట్లాడాల్సింది ఆ అంతస్తు బాధ్యుడు, అదీ అదే సాయంత్రం. తగువు కార్మికుడి మెడకు చుట్టకండి. మొదటి రెండు వారాలు జరిమానా మాట ఎత్తకండి. పొడి చెత్త అమ్మగా వచ్చిన డబ్బు అతనికే ఇస్తే పని సగం తేలికవుతుంది.

ఎండుటాకులు

తడి చెత్త ఎన్ని బకెట్లు వేస్తే ఎండుటాకులు కనీసం అన్ని బకెట్లు వేయాలి. 50 ఫ్లాట్లకు రోజుకు 50–60 లీటర్లు. శిశిరంలో ఆకులు రాలుతున్నప్పుడే పట్టి, తొక్కి, సంచుల్లో దాచుకోవాలి. వానాకాలం నాలుగు నెలలకే 70–80 పెద్ద సంచులు కావాలి. జులైలో ఆకులు అయిపోవడంతోనే చాలా కాలనీల్లో ఈ పని ఆగిపోతుంది.

ఆకులు చాలకపోతే వడ్రంగి దగ్గరి రంపపు పొట్టు తెచ్చుకోవచ్చు, ప్లైవుడ్‌ది మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది. కొబ్బరి పొట్టు ఇటుకలు కూడా పనికొస్తాయి గానీ తక్కువ నీళ్లతో విప్పి ఆరబెట్టాలి. తడిసిన పొట్టును తడి చెత్తలో కలిపి లాభం లేదు. చెరుకు రసం బండి దగ్గరి పిప్పిని ఎండబెట్టి ముక్కలు చేస్తే చాలా బాగుంటుంది.

తొట్టెలు

ఇనుప జాలీతో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు తొట్టెలు ఐదు చేయించండి. అడుగున ఇటుకలు పేర్చి గాలి ఆడనివ్వండి, ఎలుకలు దూరకుండా అర అంగుళం లోపు కన్ను ఉన్న జాలీ వేయండి, పైన రేకు కప్పు. చెత్త రోజురోజుకూ కుంగుతుంది కాబట్టి ఒక్కో తొట్టె నిండటానికి 15 రోజులు పడుతుంది. ఒకటి నిండుతుంటే మిగతా నాలుగు మాగుతుంటాయి, అంటే ఒక్కోదానికి 60 రోజులు దొరుకుతాయి.

అడుగున అరడుగు ఎండుటాకులు పరిచి, పాత ఎరువు గానీ పేడనీళ్లు గానీ పుల్లమజ్జిగ గానీ చల్లి మొదలుపెట్టండి. రోజూ చెత్త వేసి, అదే కొలతకు ఆకులూ కలిపి, పైన ఆకుల పొర కప్పాలి. పైపొర వేయని రోజే ఈగలు వస్తాయి. మిగిలిన సాంబారు, పులుసు వడకట్టి వేయాలి. ఎముకలు, చేపముళ్లు మొదటి మూడు నెలలు వద్దు. మే నెలలో మామిడి టెంకలు, ఎప్పుడూ కొబ్బరి చిప్పలు విడిగా తీయండి. చవితి పత్రి హాయిగా వేయొచ్చు, దారాలూ మెరుపు కాగితాలూ తీసేస్తే.

తొట్టె సగం నిండాక మధ్యలోకి ఇనుప చువ్వ గుచ్చి ఐదు నిమిషాలాగి తీయండి. చెయ్యి కాలేటంత వేడిగా ఉండాలి. లోపల 55 డిగ్రీలు దాటితే రోగక్రిములు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. నిండిన తొట్టెను పది రోజులకోసారి తిరగేయాలి.

తేడా వస్తే

ముక్కు ఘాటెక్కే అమోనియా వాసన వస్తే ఆకులు తక్కువైనట్టు. కుళ్లిన గుడ్డు వాసనైతే లోపల గాలి లేదు, తిరగేసి ఆకులు కలపండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకులు వేయాలి, చెయ్యి పొడిగా ఉంటే నీళ్లు చిలకరించాలి. తెల్లటి బూజు మంచిదే. లావుపాటి పురుగులు చూసి జనం హడలిపోతారు గానీ అవి చెత్తను తినేవే, మనకు హాని చేయవు. మరీ ఎక్కువైతే ఆకులూ గుప్పెడు వేపపిండీ కలపండి.

జల్లెడ

నలుపు తిరిగి, చల్లబడి, తొలకరి మట్టి వాసన వస్తే జల్లెడ పట్టండి. మిగిలిన పుల్లలు కొత్త తొట్టెకు తోడు. వాడేముందు ఒక పరీక్ష: ఒక ట్రేలో మట్టి, ఇంకో ట్రేలో సగం మట్టి, సగం ఎరువు పోసి చెరో ఇరవై మెంతులు చల్లండి. నాలుగు రోజుల్లో రెండూ ఒకేలా మొలిస్తే ఒక వంతు ఎరువుకు మూడు వంతుల మట్టి కలిపి కుండీలకు వేసుకోవచ్చు. ఎరువు ట్రేలో మొలకలు తగ్గితే ఇంకా మాగలేదు, ఇంకో పదిహేను రోజులు వదిలేయండి.