యాక్టివ్ ఫాల్టును చదవడం ఎలా: లాప్‌టాప్ మ్యాపు నుంచి ట్రెంచి గోడ దాకా

భూకంపాలను కొలిచే యంత్రాలు వచ్చి నూట ముప్ఫై ఏళ్లకు అటూఇటూ. పెద్ద ఫాల్టు (రాయి విరిగి రెండు పక్కలూ జరిగిన చీలిక) ఒకసారి కదిలాక మళ్లీ కదలడానికి కొన్ని వందల ఏళ్లు, ఒక్కోచోట వేల ఏళ్లు పడుతుంది. అందుకే పాత భూకంపాల లెక్క యంత్రాల రికార్డులో దొరకదు, మట్టిపొరల్లో వెతకాలి. 1993 సెప్టెంబరు 30న కిల్లారి (లాతూరు) భూకంపం దాదాపు పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. అప్పటి జోన్ మ్యాపులో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉంది. ఈ పని ఎందుకు నేర్చుకోవాలో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

బెంగళూరులో చదువుకుంటున్న మన జియాలజీ, సివిల్ విద్యార్థుల కోసం ఈ గైడు. ఇక్కడి నేల కింద తవ్వి చూపించదగ్గ పెద్ద యాక్టివ్ ఫాల్టు లేదు. అయినా సగం పని ఇక్కడే నేర్చుకోవచ్చు. మిగతా సగానికి కచ్‌కో, హిమాలయాల పాదాల దగ్గరికో వెళ్లాలి.

ముందు లాల్‌బాగ్ బండ

గత 11,700 ఏళ్లలో, అంటే హోలోసీన్ కాలంలో, కదిలినట్టు రుజువున్న ఫాల్టును సాధారణంగా యాక్టివ్ అంటారు. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, రాతిలో కనిపించిన ప్రతి గీతనూ ఫాల్టు అనుకోవడం. ఈ అలవాటు పోవాలంటే ఒక ఆదివారం పొద్దున్నే లాల్‌బాగ్ బండ ఎక్కండి. అది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ రాయి, జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) గుర్తించిన జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. సుత్తి వాడకూడదు. దిక్సూచి, టేపు, నోటుబుక్కు చాలు.

రాతిలోని నల్ల, తెల్ల చారల్ని చూడండి. పగులుకు ఇటు ఉన్న చార అటువైపు కూడా అదే వరుసలో సాగితే అది జాయింటు మాత్రమే, రాయి విడింది కానీ జరగలేదు. చార ఎక్కడైనా పక్కకు జరిగినట్టు కనిపిస్తే అది ఫాల్టు. కానీ ఆ జరుగుడు కోట్ల ఏళ్ల నాటిది కావచ్చు. దాని వయసు తేల్చడానికి పైన కుర్రమట్టి (ఇటీవలి కాలంలో పేరుకున్న మట్టి) పొర ఉండాలి, బండ మీద అది లేదు. యాక్టివ్ అనడానికి కుర్ర ఒండ్రును కోసిన గుర్తు తప్పనిసరి అని ఎందుకంటారో అక్కడే అర్థమవుతుంది.

మ్యాపు పని

ఇస్రో వారి భువన్ సైటు నుంచి కార్టోడెమ్, లేదా కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపు) దించుకోండి. రెండూ ఉచితమే. క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే యూటీఎమ్‌లోకి, అంటే మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతిలోకి, మార్చండి. కచ్‌కైతే 42 ఉత్తర జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడు ఈపీఎస్‌జీ 32642. ఈ మెట్టు దాటేస్తే అడ్డం కొలత డిగ్రీల్లో, నిలువు కొలత మీటర్లలో ఉండిపోయి హిల్‌షేడ్ (ఎత్తుపల్లాలను వెలుగునీడలుగా చూపే బొమ్మ) అంతా నల్లగానో గరుకుగానో వస్తుంది. మార్చేటప్పుడు రీశాంప్లింగ్ 'బైలీనియర్' పెట్టండి. 'నియరెస్ట్' వదిలేస్తే చదును నేల మీద లేని మెట్లు పుట్టుకొస్తాయి, వాటినే ఫాల్టు లేపిన గట్లనుకుని గీసేస్తారు.

హిల్‌షేడ్‌కు వెలుగు దిశ 315, ఎత్తు 45 డిగ్రీలు మామూలు అమరిక. అంతటితో ఆగకండి. వెలుగు వచ్చే దిశకు సమాంతరంగా ఉన్న గట్టు నీడ పడక కనిపించకుండా పోతుంది. కాబట్టి 45, 90, 360 దిశల్లో కూడా చేయండి. చదును ప్రాంతానికి వెలుగు ఎత్తు 25 డిగ్రీలకు తగ్గించండి. 30 మీటర్ల డెమ్‌లో ఎత్తు కొన్ని మీటర్లు తప్పడం సహజం, రెండు మీటర్ల గట్టు అందులో దొరకదు. దానికి డ్రోను సర్వే కావాలి.

వెతకాల్సింది ఇవి: ఒండ్రు విసనకర్రను (కొండ దిగిన వాగు విసనకర్ర ఆకారంలో పరిచిన మట్టిని) అడ్డంగా కోసిన గట్టు, వరుసగా ఉన్న వాగులన్నీ ఒకే వైపుకు వంగడం, నదికి ఒక ఒడ్డున మాత్రమే పైకి లేచిన పాత గట్టుమెట్లు, ఒకే వరుసలో ఊటలు, కుంగిన మడుగులు. ఒక్క వాగు వంగితే అది సాక్ష్యం కాదు. కాలువ కట్టలు, పాత రోడ్లు, పొలం గట్లు, పైపులైన్లు కూడా తిన్నని గీతల్లాగే కనిపిస్తాయి. గూగుల్ ఎర్త్‌లో పాత బొమ్మలు తిరగేసి వాటిని తీసేయండి. మిగిలినవి భూకోశ్ అనే సైటులోని జీఎస్‌ఐ మ్యాపు పొరలతో పోల్చండి. రూఢి అయిన గీత నిండుగా, అనుమానమున్నది తెగగీతగా, మట్టి కింద దాగినది చుక్కలుగా గీయాలి. గీసిన ప్రతిదానికీ 'ఎందుకు' అన్న గడి నింపండి. ఆ గడి ఖాళీగా మిగిలితే గీత చెరిపేయడమే సరి.

ఎక్కడ తవ్వాలి

పెద్ద గట్టు కనిపించిన చోటల్లా తవ్వితే ఫలితం రాదు. కావాల్సింది మట్టి నెమ్మదిగా, తెరిపి లేకుండా పేరుకునే చోటు. కోత ఎక్కువగా ఉన్నచోట భూకంపం జరిగినా దాని పొర మిగలదు. భూవిజ్ఞాని కెర్రీ సీ 1978లో ప్రచురించిన కాలిఫోర్నియా పాలెట్ క్రీక్ పరిశోధన అంత పేరు తెచ్చుకోవడానికి కారణం, అక్కడి బురదనేలలో కుళ్లిన ఆకులలముల పొరలు ఒకదాని మీద ఒకటి పడి ఉండటమే. ప్రతి పొరకూ వయసు కట్టగలిగారు. భూగర్భ నీరు రెండు మీటర్లలోపే ఉంటే ఆ చోటు వదిలేయండి.

ఎన్నిసార్లు కదిలిందో తేలాలంటే ఫాల్టుకు అడ్డంగా, తొంభై డిగ్రీల్లో తవ్వాలి. పక్కకు ఎంత జరిగిందో తేలాలంటే ఫాల్టుకు అటొకటి ఇటొకటి సమాంతరంగా తవ్వి, పాత వాగు అడుగు ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో పట్టుకోవాలి.

రైతు ఒప్పందం, పంచాయతీ అనుమతి కాగితం మీద తీసుకున్నాకే జేసీబీని పిలవండి. పై ముప్ఫై సెంటీమీటర్ల సారమట్టిని విడిగా ఓ పక్కకు పోయించండి. మిగతా మట్టి అంచుకు కనీసం మీటరు దూరంగా ఉండాలి.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఒక ఘనమీటరు మట్టి బరువు టన్నున్నర పైమాటే. గోడ జారితే నడుము దాకా కూరుకున్న మనిషిని కూడా చేతులతో బయటికి లాగలేరు. ఒకటిన్నర మీటరు దాటి దిగాలంటే గోడను మెట్లుమెట్లుగా కోయాలి, లేదా చెక్కలు, జాకీలతో ఊతం పెట్టాలి. నిచ్చెన దగ్గరలోనే ఉండాలి, పైన ఒక మనిషి తప్పకుండా కాపలా ఉండాలి. వాన పడ్డ మర్నాడు గోడలు చూడకుండా ఎవరూ దిగకూడదు.

గోడను చదవడం

జేసీబీ పళ్ల గీతలు పోయేదాకా తాపీతో, గోకుడు రేకుతో గోడ చెక్కండి. చివర్లో బ్రష్షు పై నుంచి కిందికి. మట్టి మరీ ఎండితే పొరల తేడా తెలియదు, స్ప్రేతో కాస్త తడపండి. ఉత్తరం చూసే గోడ మీద ఎండ నేరుగా పడదు కాబట్టి ఫోటోలు అక్కడే బాగా వస్తాయి. మేకులు, పురికొసతో మీటరుకు మీటరు గడులు కట్టండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఈ సరుకంతా ఒక్క గంటలో దొరుకుతుంది. ఫోటోలు 70 నుంచి 80 శాతం ఒకదాని మీద ఒకటి పడేలా తీసి మొజాయిక్ చేసుకోండి. ఆ ప్రింటు మీద గోడ ముందే నిలబడి గీయాలి. రూముకొచ్చి ఫోటో చూసి గీసిన లాగ్ (గోడ పొరల చిత్రం) నమ్మదగ్గది కాదు. చేతికి తగిలే ఇసుక గరుకు, బంకమట్టి జిగురు ఫోటోలో కనిపించవు.

భూకంపం జరిగిన రోజు నాటి నేలను ఈవెంట్ హొరైజన్ అంటారు. దాని కింది పొరలు తెగి ఉంటాయి, పైవి అఖండంగా ఉంటాయి. పగులు ఒక పొర దగ్గర ఆగిపోయిందని చెప్పి అక్కడ భూకంపం రాసేయకండి. చిన్న పగుళ్లు వదులు ఇసుకలో దారిలోనే చచ్చిపోతాయి. దానికి తోడు ఇంకో సాక్ష్యం ఉండాలి. అన్నిటిలోకి బలమైనది గట్టు కూలిన మట్టి ముద్ద, కొల్యూవియల్ వెడ్జ్. అది ఫాల్టు దగ్గర మందంగా ఉండి దూరం పోయేకొద్దీ పలచబడుతుంది, అడుగున పెళ్లలు, పైన సన్న మట్టి ఉంటాయి. దాని మందం సాధారణంగా గట్టు ఎత్తులో సగానికి అటూఇటూ. 70 సెంటీమీటర్ల ముద్ద దొరికితే దాదాపు మీటరున్నర లేచిన గట్టు కూలిందన్నమాట.

నల్లరేగడిలో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బిగిసి తనంతట తానే పగుళ్లు వేస్తుంది, లోపల నునుపైన గీతల పలకలు కూడా ఏర్పరుస్తుంది. అచ్చం ఫాల్టు పలకల్లాగే ఉంటాయి. అవి అన్ని దిక్కులకూ వాలి, కింది రాతిలోకి దిగకుండా ఉంటే మట్టి చేసిన పనే.

2001 భుజ్ భూకంపంలో ఫాల్టు నేల పైదాకా చీల్చుకు రాలేదు. అలాంటి చోట్ల ఇసుక ఊటల (కుదుపుకు నీటితో కలిసి పైకి చిమ్మిన ఇసుక) గుర్తులే ఆధారం. బంకమట్టిని చీల్చుకుని కింది నుంచి పైకి ఎగసిన ఇసుక గోడ, దాని నెత్తిన పరుచుకున్న ఇసుక వెతకండి. 1819లో కచ్‌లోనే అల్లా బండ్ గట్టు లేచింది. ఒకే ప్రాంతంలో నేల పైదాకా వచ్చేవీ, రానివీ రెండు రకాలూ ఉంటాయని గుర్తుంచుకోండి.

శాంపిళ్లు, వయసు

బొగ్గు ముక్కను పట్టకారుతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టండి. కాగితం, దూది వద్దు, వాటి కార్బన్ అంటుకుంటుంది. కార్బన్‌తో వయసు కట్టే ఏఎమ్‌ఎస్ పద్ధతికి బియ్యపు గింజంత ముక్క చాలు. బొగ్గు వయసు చెట్టు చచ్చిన కాలానిది, పొర పడిన కాలానిది కాదు. అది ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన పాత బొగ్గు కావచ్చు. కాబట్టి ఒక పొర నుంచి రెండు మూడు ముక్కలు తీయండి, వయసులు కలవకపోతే కుర్రదానికే మొగ్గండి. వేరు ముక్క అయితే మాత్రం పారేయండి, అది పై నుంచి దిగింది.

బొగ్గు లేనిచోట ఓఎస్‌ఎల్ అనే పద్ధతి. ఇసుక రేణువు ఆఖరిసారి వెలుతురు చూసి ఎంతకాలమైందో అది చెబుతుంది. అయిదు సెంటీమీటర్ల వ్యాసం, పాతిక సెంటీమీటర్ల పొడవు ఉన్న ఇనుప పైపును గోడలోకి కొట్టి, తీయగానే రెండు చివరలూ నల్ల ప్లాస్టిక్‌తో మూసేయండి. ఈ వయసు లెక్కలోకి వచ్చే గామా కిరణాలు చుట్టూ ముప్ఫై సెంటీమీటర్ల మట్టి నుంచి వస్తాయి కనుక పొర అంచుకు అంతకంటే దగ్గరగా పైపు కొట్టకండి. పక్కనే పావు కిలో మట్టి గాలి చొరని కవర్లో తీసుకోండి, తేమ లెక్కకు అది కావాలి.

ఈవెంట్ హొరైజన్‌కు పైన ఒకటి, కింద ఒకటి వయసు తెలిస్తేనే భూకంపం ఆ రెండింటి మధ్య జరిగిందని రాయగలం. కింది వయసు ఒక్కటే ఉంటే 'దీని తర్వాత ఎప్పుడో' అనే రాయాలి.

ఎంత పెద్దది?

పగులు పొడవు 100 కిలోమీటర్లు, లోతుకు వెడల్పు 20 కిలోమీటర్లు, జరుగుడు 3 మీటర్లు అనుకుందాం. రాతి బిగువు 3×10¹⁰ పాస్కళ్లు. వీటన్నిటినీ మీటర్లలోకి మార్చి గుణిస్తే మొమెంట్ (భూకంపం పరిమాణానికి కొలత) 1.8×10²⁰ న్యూటన్ మీటర్లు. దాని లాగరిథమ్ 20.26లోంచి 9.1 తీసేసి మూడింట రెండు వంతులు చేస్తే తీవ్రత (మాగ్నిట్యూడ్) 7.4. పొడవు ఒక్కదాంతోనే చూడాలంటే 1994 నాటి వెల్స్, కాపర్‌స్మిత్ సూత్రం ఉంది: 5.08కి, పొడవు లాగరిథమ్‌ను 1.16తో గుణించి కలపండి. దాంతోనూ 7.4 వస్తుంది. రెండూ బాగా తేడా పడితే పొడవో జరుగుడో తప్పు కొలిచారన్నమాట, వెనక్కి వెళ్లి చూడండి.

హిమాలయాల దగ్గర నేల ఏటా 18 మిల్లీమీటర్ల చొప్పున కుదించుకుంటుందని తీసుకుంటే 500 ఏళ్లకు 9 మీటర్లు పోగవుతుంది. అది ఒకేసారి విడుదలవ్వాలని లేదు. నేపాల్‌లో 1934 నాటి పగులు, 1255 నాటి పగులు ఒకేచోట ట్రెంచిలో దొరికాయి. ఆ రెండు సంఖ్యల తేడా చూసి మూడోదానికి తేదీ కట్టకండి. రెండు భూకంపాల మధ్య దొరికేది ఒక్క విరామమే, ఒక్కదానితో సగటు రాదు. 'ఇన్ని వందల ఏళ్లలో కనీసం ఇన్నిసార్లు' అని రాయడమే నిజాయితీ.

పని అయ్యాక అడుగున ఒక ప్లాస్టిక్ షీటు, దాని మీద తవ్విన తేదీ గీసిన రేకు పెట్టండి. మళ్లీ ఎవరైనా తవ్వితే పాత ట్రెంచి అని తెలుస్తుంది. మట్టిని ముప్ఫై సెంటీమీటర్ల పొరలుగా పోసి దిమ్మిస కొట్టించండి, లేకపోతే తొలి వానకే కుంగుతుంది. సారమట్టి అన్నిటికంటే పైన, చివర్లో.