మాండరిన్ చేప చిక్కిపోతుంటే

ఉప్పునీటి అక్వేరియంలో మాండరిన్ చేప పొద్దస్తమానం రాళ్లను పొడుస్తూనే ఉంటుంది. చూసేవారికి తిండికి లోటు లేదనిపిస్తుంది. అయినా వారాలు గడిచేకొద్దీ డొక్క లోపలికి పోతుంది, వెన్ను పక్కన కండ తగ్గి గాడి పడుతుంది. మందుల కోసం వెతకకండి. అది ఆకలితో మాడుతోంది.

కారణం: పసిఫిక్ పగడపు దిబ్బల్లో ఇది కోపెపాడ్లు, యాంఫిపాడ్ల వంటి, కంటికి ఆనీ ఆనని జీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. పైన చల్లే పొడి మేతను సాధారణంగా ముట్టదు. కొత్త తొట్టిలో ఈ జీవులు ఇంకా పెరిగి ఉండవు. పాత తొట్టిలోనూ వాటినే వేటాడే రాస్ చేపలుంటే దీనికి మిగిలేది తక్కువ.

ముందు ఒక పరీక్ష. రాత్రి దీపాలు ఆర్పిన గంట తర్వాత టార్చితో అద్దాన్ని చూడండి. తెల్లటి చుక్కలు పాకుతూ కనిపిస్తే మేత ఉన్నట్టే.

పరిష్కారం: కనిపించకపోతే బతికున్న కోపెపాడ్లను తెచ్చి, పంపులు కాసేపు ఆపి, చీకట్లో రాళ్ల మధ్య వదలండి. ప్రధాన తొట్టి నీరే పారుతూ, చేపలు చేరలేని పక్క తొట్టిలో కీటోమార్ఫా నాచు పెంచితే కోపెపాడ్లు అక్కడ వృద్ధి చెంది ప్రధాన తొట్టిలోకి వస్తుంటాయి. ఈలోగా అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిట్టి రొయ్యల వంటి జీవి) పిల్లలను గొట్టంతో చేప ముందే వదలండి. నిజానికి, రాళ్లు నిండుగా ఉండి ఏడాదైనా నడిచిన పెద్ద తొట్టి లేనివారు ఈ చేపను తెచ్చుకోకపోవడమే దాని పట్ల దయ.

చేప పగలు కనిపించకపోతే? డొక్క నిండుగా ఉన్నంతవరకు అది జబ్బు కాదు. ఏడెనిమిది సెంటీమీటర్లకు మించని ఈ చేపకు రాతి సందులే ఇల్లు. సందెవేళ ఓపికగా కూర్చోండి. జంట ఉంటే, రెండూ పక్కపక్కన ఆనుకుని మెల్లగా పైకి లేచి, గుడ్లు వదిలి, చటుక్కున కిందికి దిగడం చూడవచ్చు. ఆ కొద్ది క్షణాల కోసం ఎన్ని సాయంత్రాలైనా ఎదురుచూడవచ్చు.

రెక్కలు చిరిగి ఉంటే రెండు మగవి కలిసి ఉన్నాయేమో చూడండి. వీపుమీది మొదటి రెక్కలో పొడవాటి ముల్లు ఉన్నది మగది. రెండు మగవి చచ్చేదాకా పోరాడగలవు కాబట్టి ఒకదాన్ని వెంటనే వేరు చేయాలి. అయితే వలతో పట్టవద్దు, చెంపల దగ్గరి ముళ్లు వలలో చిక్కుకుంటాయి. గిన్నెలోకి మళ్లించి నీటితో సహా తీయండి.